నాలుగు తెల్లపూసలు

పట్టమ్మాళ్ అవ్వ రహస్యం చెప్పేటప్పుడు గొంతు తగ్గించదు. భాష మారుస్తుంది.

కోవిల్‌పట్టి బజారులో ఆమె చీరలు బేరం చేసేది తమిళంలో. కొట్టువాడి ఎదుటే మనవరాలితో మంతనాలు మాత్రం తెలుగులో. "వీడు రెట్టింపు చెప్తుండాడే. లేసి పోయేటట్టు లెయ్యి, వాడే పిలుస్తాడు" అని వీధి చివరికి వినబడేలా అంటుంది. మనవరాలు కార్తిక లేస్తుంది. కొట్టువాడు పిలుస్తాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే ఆ కుటుంబానికి తెలుగంటే తాళం వేసిన పెట్టె. ఆ తాళంచెవి బయట ఇంకెవరి దగ్గరా లేదని అవ్వ నమ్మకం.

ఆ ఆదివారం విరుదునగర్ బస్సులో కూడా అదే నమ్మకంతో కూర్చుంది.

కార్తిక ఒళ్లో పాత స్వీటు డబ్బా ఉంది. డబ్బాలో ఆమె ప్రాణం ఉంది. మ్యాథ్స్ డిగ్రీ అయ్యాక నాన్న సుబ్బురాజ్ వేరుశనగ మిఠాయి అంగట్లో కూర్చుంటూ, పెళ్లి పత్రికల అట్టలు కత్తిరించి తయారుచేసిన ఆట అది. పేరు 'కండక్టర్'. బస్సులో ఎవరు ఏ సీటులో కూర్చోవాలో కండక్టర్ ఇచ్చే సూచనలను బట్టి కనిపెట్టాలి. శివకాశిలో ఇద్దరు ప్రెస్సువాళ్లు దాన్ని తిప్పి పంపేశారు. "సూచనలు జనానికి అర్థం కావమ్మా" అన్నారు.

విరుదునగర్‌లో ఈ రోజు జరిగేది ఆ డబ్బాకు ఆఖరి అవకాశం. అవ్వాతాతల్లో ఒకరు, మనవలు మనవరాళ్లలో ఒకరు కలిసి ఆడే రహస్య వరసల పోటీ. గెలిచిన జంట సొంతంగా తయారుచేసిన ఆటను తన ప్రెస్సులో అచ్చు వేయిస్తానని శివకాశి యజమాని జెబకుమార్ ప్రకటించాడు. గెలిస్తే 'కండక్టర్' అంగళ్లకు ఎక్కుతుంది. ఓడితే అటక ఎక్కుతుంది.

సమస్యల్లా జంటలో రెండో మనిషి.

"మళ్లీ చెప్తాను, వినవ్వా. వాళ్లు ఆరు రంగుల పుల్లల్లో నాలుగు తీసుకుని ఒక వరసలో పెట్టి మూత వేస్తారు. మనం ఊహించి నాలుగు పుల్లలు పెట్టాల. దానికి వాళ్లు పూసలతో జవాబిస్తారు. నల్లపూస ఇస్తే ఒక రంగు సరిగ్గా తన చోట్లోనే ఉన్నట్టు. తెల్లపూస ఇస్తే ఒక రంగు లోపల ఉంది గానీ మనం పెట్టిన చోటు తప్పు. పూసే లేకుంటే ఆ రంగే లేదు."

"అదే గదా నేనూ చెప్పేది. మొదటి పూస మొదటి పుల్లది, రెండో పూస రెండో పుల్లది."

"కాదవ్వా! ఏ పూస ఏ పుల్లదో చెప్పరు!"

"చెప్పకుంటే అది ఏం హింటే? మీ నాయన పెండ్లికి సంబందం చూసిన బ్రోకరు మాదిరి ఉండాది. పిల్ల మంచిది అంటాడు, ఏ ఊరి పిల్లో చెప్పడు."

కార్తిక బస్సు చుట్టూ చూసింది. దారి దొరికింది.

"సరే. ముందర ఆ నలుగుర్ని చూడు. మీసం తాత, ఆయన పక్కన అబ్బాయి, ఈ పక్క పూల బుట్టామె, గొడుగు సారు. వీళ్లు ఎవరి సీట్లో వాళ్లు కూర్చోనుండారా అని కండక్టర్ని అడిగినామనుకో. ఆయన పేర్లు చెప్పడు. 'ఇద్దరు సొంత సీట్లో ఉండారు, ఒకరు వేరే సీట్లో ఉండారు, ఒకరిది ఈ బస్సే కాదు' అంటాడు. రెండు నల్లపూసలు, ఒక తెల్లపూస. ఎవరెవరో మనమే కనుక్కోవాల. ఒకరిని లేపి ఇంకో సీట్లో కూర్చోబెట్టి మళ్లీ అడగాల."

అవ్వ నలుగురినీ నిదానంగా చూసింది. ఆమె మొహం వెలిగింది.

"ఇప్పుడు అర్తమయింది. ఈ బస్సు కానిది ఎవరో కూడా తెలిసిపోయింది."

"ఎవరు?"

"ఆ మీసం. మనిషికి ఒక సీటు, మీసానికి ఒక సీటు కావాల. అది మీసమా, పొరకా? దాన్ని పట్టుకోని మన వాకిలంతా ఊడ్సొచ్చు."

"అవ్వా!"

"అరవోడికి ఏం తెలుస్తాదిలే. నువ్వు భయపడబాక. రంగు కూడా ఏసినట్టుండాడు. తలకాయ తెల్లగుండాది, మీసం మాత్రం నల్లగుండాది. అది నల్లపూస గాదు, తెల్లపూసకు రంగేసినారు!"

ముందు సీటులోని మీసం తాత కిటికీ వైపు తిరిగి గట్టిగా దగ్గాడు. పక్కనున్న అబ్బాయి రుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. అతని భుజాలు ఎగిరిపడుతున్నాయి. సాత్తూరు దగ్గర రోడ్డు వేస్తున్నారు, దుమ్ము పోయినట్టుంది పాపం అనుకుంది కార్తిక.

రోజంతా సూచనలు చదవబోయే అమ్మాయి, మొట్టమొదటి సూచనను అలా వదిలేసింది.

*

కల్యాణమండపంలో సాయంకాలానికి రెండే జంటలు మిగిలాయి.

అవ్వ విజృంభించింది. పూసలు కనబడగానే ఆమెకు బస్సు కనబడేది. "ఎర్రోడు బస్సులో ఉండాడు, సీటు తప్పు. పసుపుదాన్ని దించేయి, అది ఈ బస్సే కాదు" అని తెలుగులో అరుస్తుంటే కార్తిక పుల్లలు మార్చేది. ఎదుటి జంటలు తెల్లబోయి చూసేవాళ్లు. వేదిక మీద కూర్చున్న జెబకుమార్ ముందు 'కండక్టర్' డబ్బా తెరిచే ఉంది. ఆయన అందులోంచి ఒక అట్ట తీసి చూస్తున్నాడు. 

మైకులో అంతోణి గొంతు మోగింది. పోటీకి న్యాయనిర్ణేత ఆయనే. ఎదుటి జంట పేర్లు తమిళంలో పిలిచాడు.

"నాగలాపురం పొన్నయ్య! మనవడు రాఘవేంద్రన్!"

ఎదుటి కుర్చీలోకి ముందు మీసం వచ్చింది. ఆ తర్వాత మనిషి.

"అయ్యో సామీ, పొరక!" అంది అవ్వ సంబరంగా.

పొన్నయ్య మొహంలో ఒక్క గీత కదల్లేదు. రాఘవేంద్రన్ మాత్రం వంగి చెప్పు సరిచేసుకున్నాడు. చాలాసేపు సరిచేసుకున్నాడు.

ముందు కార్తిక జంట వంతు. పొన్నయ్య తాత వేసిన మూత వెనుక వరసను ఐదో ప్రయత్నంలో బద్దలు కొట్టారు. అంతోణి నిబంధన గుర్తుచేశాడు. పొద్దుటి నుంచి పొన్నయ్య జంటకు పాయింట్లు ఎక్కువ. కాబట్టి వాళ్లు కూడా ఐదు ప్రయత్నాల్లోగా తీస్తే విజయం వాళ్లదే. తీయలేకపోతే కార్తికది.

ఐదు ప్రయత్నాలు. వాటి వెనుక ఒక స్వీటు డబ్బా.

ఇప్పుడు వరస పెట్టాల్సింది అవ్వాకార్తికలు. మూత అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"ముందు నీలం పెట్టే," అంది అవ్వ, ఎప్పటిలాగే వీధి చివరికి వినబడేలా. "దాని పక్కన ఎర్ర. తర్వాత పసుపు. తోకన పచ్చ. ఆ, అంతే. పొద్దు గూకేదాక కూర్చున్నా ఈ పొరకకు అంతుపట్టదు."

మూత పడింది.

రాఘవేంద్రన్ మొదటి వరస పెట్టాడు. ఎరుపు, పచ్చ, నారింజ, ఊదా. రెండు తెల్లపూసలు ఇచ్చింది కార్తిక. అతను మెడ వెనుక గోక్కుని రెండో వరస పెట్టాడు. పసుపు, ఎరుపు, నీలం, పచ్చ.  రెండు నల్లపూసలు, రెండు తెల్లపూసలు. నాలుగు రంగులూ దొరికిపోయాయి. ఇక సీట్లు మార్చడమే తరువాయి. రెండు ప్రయత్నాలు చాలు, మహా అయితే మూడు.

అవ్వ ఆమె మోకాలు నలిపేసింది. "అందరూ బస్సెక్కేసినారే!"

రాఘవేంద్రన్ మూడో వరస పెట్టాడు.

ఎరుపు, పచ్చ, నారింజ, ఊదా.

కార్తిక కళ్లు నులుముకుంది. మొదట పెట్టిన వరసే. అక్షరాలా అదే.

"మతి పోయిందే వాడికి!" అని అవ్వ గంతు వేయబోయింది. "మీనాచ్చమ్మ తల్లి కరుణించింది!"

కార్తిక గంతు వేయలేదు. జవాబు తెలిసిన ప్రశ్ననే మళ్లీ ఎవడైనా అడుగుతాడా? పరీక్ష కోసం లేని రంగును మధ్యలో పెట్టేవాళ్లను ఆమె చూసింది. అది ఎత్తుగడ. కానీ పాత వరసనే తిరిగి పెడితే కొత్తగా తెలిసేది సున్నా. పొద్దుటి నుంచి ఇంతమందిని ఓడించిన కుర్రాడు చేతిలోని ప్రయత్నాన్ని కావాలనే పారబోశాడు.

కావాలని ఎందుకు పారబోస్తారు? ఓడిపోవాలనుకుంటే.

ఓడిపోవాలని ఎందుకు అనుకుంటారు?

బస్సులో దగ్గు. రుమాలు. చెప్పు. ఒక్కొక్క పూసే పక్కపక్కన వచ్చి కూర్చుంది.  కార్తికకు ఊహ వచ్చింది, ఇక పరీక్షించాలి. ఆమె రాఘవేంద్రన్ వైపు చూడకుండా, బల్ల వైపే చూస్తూ, మామూలు గొంతుతో తెలుగులో అంది.

"అవ్వా, ఆ అబ్బాయి కాలర్ మీద చూడు, ఎంత పెద్ద గండుచీమో."

రాఘవేంద్రన్ చెయ్యి ఎగిరి కాలర్ మీద పడింది.

నల్లపూస.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. అతను కార్తికను చూశాడు. కార్తిక అతన్ని చూసింది. అతని చెవులు మిరపపళ్ల రంగుకు తిరిగాయి.

"చీమ యాడుండాది? నాకు కనపడలేదే," అంటోంది అవ్వ, కళ్లు చికిలించి.

"అవ్వా," కార్తిక పెదవులు కదలకుండా అంది, "వాళ్లకు తెలుగు వస్తుంది."

"ఎవరికి?"

"ఇద్దరికీ."

"ఎప్పట్నించి?"

"పుట్టినప్పట్నించి అనుకుంటాను."

 బస్సు, పొరక, వాకిలి, రంగు, తోకన పచ్చ, అన్నీ వరసగా అవ్వ మొహం మీదుగా వెళ్లిపోయాయి. చివరికి కొంగు తీసి తల మీద కప్పుకుంది. కొంగు లోపలి నుంచి గుసగుస వచ్చింది. జీవితంలో మొట్టమొదటి నిజమైన గుసగుస.

"అయితే ఊరుకోవే. వాళ్లంతట వాళ్లు ఓడిపోతుంటే మనకేం? నీ డబ్బా అచ్చవుతాది గదా."

నిజమే. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఇంకో రెండు ప్రయత్నాలు పారబోస్తారు, అంతోణి చెయ్యెత్తుతాడు, 'కండక్టర్' శివకాశికి బస్సెక్కుతుంది. కార్తిక వేదిక వైపు చూసింది. జెబకుమార్ చేతిలో ఆమె రాసిన నియమాల అట్ట ఉంది. అందులో మొదటి వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. కండక్టర్ పేరు చెప్పడు, కానీ అబద్ధం ఆడడు. మూత వెనుక కూర్చున్నవాళ్లు నిజం చెప్పకపోతే ఇక ఆటే లేదు, పుల్లలూ పూసలూ మిగులుతాయి.

ఆమె లేచి నిలబడింది.

"సార్, ఈ వరస చెల్లదు. వాళ్లకు ముందే తెలుసు," అంది తమిళంలో.

మండపంలో కలకలం రేగింది. అంతోణి మైకు కింద పెట్టి వచ్చాడు. "ఎవరు చెప్పారు వాళ్లకు?"

"మా అవ్వే. గట్టిగా."

"నేను మా మాటల్లో చెప్పినాను సామీ," అంది అవ్వ కొంగులోంచి. "అది వీళ్ల మాట కూడా అని ఎవరనుకున్నారు?"

అంతోణి పొన్నయ్య వైపు తిరిగాడు. "తెలిస్తే అప్పుడే చెప్పాలి కదా పెద్దాయనా?"

పొన్నయ్య మొదటిసారి నోరు విప్పాడు. తెలుగులోనే. నల్లరేగడి నేల మీద వాన పడినంత మెత్తని తెలుగు.

"ఎట్లా చెప్పేది సామీ? బస్సులోనే ఆ అక్క నా మీసాన్ని పొరక అనె. రంగేసినానని కూడా అనె. నాకు తెలుగొస్తాదని చెప్తే ఆమె మొహం యాడ పెట్టుకుంటాది? సరి, గమ్మునుందాం అనుకుంటిని. ఆ మాటకు వస్తే రంగేసింది నిజమే."

అంతోణికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మండపంలో కనీసం మూడు వరసల కుర్చీలు ఘొల్లున నవ్వాయి. అవ్వ కొంగు సందులోంచి ఆ కుర్చీలను లెక్కపెట్టడానికి ప్రయత్నించి, మానేసింది.

"విని గెలవడం తప్పు కదా," అన్నాడు రాఘవేంద్రన్ కార్తికతో. "తెలియనట్టు ఆడదామనుకున్నాను. రెండోసారే చెయ్యి దానంతట అది పోయి అసలు వరసకు దగ్గరగా పడింది. భయపడి వెనక్కొచ్చేశాను. చీమ నిజంగానే ఉన్నిందా?"

"లేదు."

"మంచి ఊహ," అన్నాడతను. మెచ్చుకున్నట్టే ఉంది.

*

అంతోణి తీర్పు చెప్పాడు. ఆ వరస రద్దు. అవ్వాకార్తికలు కొత్తగా వరస పెట్టాలి. పొన్నయ్య జంటకు మళ్లీ మొదటి నుంచి ఐదు ప్రయత్నాలు. ఈసారి నిజంగా ఆడాలి.

"నువ్వే పెట్టవ్వా. మాట్లాడకుండా పెట్టు," అని కార్తిక సంచిలోంచి పెద్ద వేరుశనగ మిఠాయి చెక్క తీసి అవ్వ నోట్లో కుక్కింది. కోవిల్‌పట్టి పాకం. ఒకసారి పళ్లకు అంటుకుంటే మాట పెగలదు.

అవ్వ మూత వెనుక చాలాసేపు తడుముకుంది. పుల్ల ఎత్తింది, దించింది, నుదురు గోక్కుంది. చివరికి తల ఊపింది. పూసలు ఇవ్వాల్సింది కార్తిక కాబట్టి ఆమె మూత కిందికి తొంగి చూసింది.

నీలం. ఎరుపు. పసుపు. పచ్చ.

అదే వరస!

కార్తిక అవ్వను చూసింది. అవ్వ పాకంతో అతుక్కున్న దవడలతో, రెండు చేతులూ చాచి, ఇంకోటి గుర్తుకు రాలేదే అన్నట్టు సైగ చేసింది. మార్చడానికి లేదు. ఆట మొదలైనట్టు అంతోణి చెయ్యి దించేశాడు.

రాఘవేంద్రన్ ఈసారి వేరే మనిషిలా ఆడాడు. మొదటి వరసకు రెండు తెల్లపూసలు. రెండో వరసకు నాలుగు రంగులూ దొరికాయి. మూడోదానికి ఒక నల్ల, మూడు తెల్ల. నాలుగోదానికీ ఒక నల్ల, మూడు తెల్ల. ప్రతి వరసా ముందటి పూసలన్నిటికీ లెక్క అప్పజెప్పి మరీ వస్తోంది. కార్తికకు భయం వేసింది. భయం మధ్యలోనే, ఎంత శుభ్రంగా ఆడుతున్నాడురా అని ముచ్చట కూడా వేసింది.

ఇక ఐదోది. ఆఖరిది.

రాఘవేంద్రన్ తాత వైపు వంగాడు. దాచేదేముంది కనుక, హాయిగా తెలుగులోనే మాట్లాడుకున్నారు. తాళంచెవి ఇప్పుడు కార్తిక చేతిలో ఉంది. ఆమె చెవులు మూసుకోలేదు. పూసల డబ్బా మూత మాత్రం గట్టిగా పట్టుకుంది.

"తాతా, ఇంక రెండే వరసలు మిగిలినాయి. ఒకటి పసుపు, పచ్చ, నీలం, ఎరుపు. ఇంకోటి..." రాఘవేంద్రన్ ఆగాడు. "ఇంకోటి పాతదే. నీలం, ఎరుపు, పసుపు, పచ్చ."

"పాతదే పెట్టురా."

"అందరికీ తెలిసిపోయిన వరసను మళ్లీ ఎవరైనా పెడతారా తాతా?"

"ఆ అక్క పెడుతుంది."

 అవ్వ దవడ ఆగింది. అవ్వ వెంటనే తల పైకెత్తి, మండపం ఫ్యానును జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూడసాగింది.

"అవ్వ పెడుతుంది సరే," అన్నాడు రాఘవేంద్రన్. "కానీ పక్కన ఆ అమ్మాయి ఉంది కదా. చీమతో మనల్ని పట్టుకునింది. అంత తెలివైంది పాతదాన్ని పెట్టనిస్తుందా?"

పొన్నయ్య మీసం మీద చెయ్యి వేసుకుని ఆలోచించాడు. అవ్వను చూశాడు, కార్తికను చూశాడు. నిట్టూర్చాడు. "నువ్వనేది సరే. పెట్టనియ్యదు."

పసుపు. పచ్చ. నీలం. ఎరుపు.

కార్తిక పూసల డబ్బా మూత తీసింది. ఒక తెల్లపూస పెట్టింది. రెండోది పెట్టింది. మూడోది. నాలుగోది కూడా తెల్లదే.

నలుగురూ బస్సులోనే ఉన్నారు. ఒక్కరూ సొంత సీటులో లేరు.

అంతోణి మూత ఎత్తాడు. లోపల ఉన్నది పాత వరసే. ఆ తర్వాత రాఘవేంద్రన్ కుర్చీలో వెనక్కి పడి పగలబడి నవ్వాడు. పొన్నయ్య బల్ల మీద చరిచి, "చెప్తిని గదరా! ఆ అక్క పెడుతుందని చెప్తిని గదరా!" అని గెలిచినవాడిలా అరిచాడు. అవ్వ లేచి నిలబడి ఏదో ఉపన్యాసం ఇవ్వబోయింది. పాకం ఒప్పుకోలేదు. చేతులు మాత్రం ఊపింది, బస్సుకు రైట్ చెప్పే కండక్టర్ లాగా.

జెబకుమార్ డబ్బా పట్టుకుని వేదిక దిగివచ్చాడు. "నాకు ఈ సూచనలు అర్థమవుతాయా లేదా అని మధ్యాహ్నం నుంచి అనుమానంగా ఉండిందమ్మా," అన్నాడు తమిళంలో. "ఇప్పుడు ఆ నాలుగు తెల్లపూసలు చూడగానే నాకు బస్సే కనబడింది. రేపు శివకాశికి రండి. అట్టల మీద బొమ్మలు ఎవరివి వేయాలో నిర్ణయించుకుందాం."

కార్తిక డబ్బాను అందుకుని గుండెకు హత్తుకుంది. అప్పటికి అవ్వ నోరు విడివడింది.

"అన్నా," అంది పొన్నయ్యతో, కొంగు సర్దుకుంటూ. "బస్సులో అన్నదానికి తప్పుగా అనుకోబాక. దగ్గర్నించి చూస్తే పొరక మాదిరి లేదు."

"మరి ఏం మాదిరి ఉండాదక్కా?"

అవ్వ ఆలోచించింది. ఆమెకు అబద్ధం చేతకాదు. "పీచు మాదిరి ఉండాది. కొబ్బరి పీచు."

"అట్టల మీద ఒకటి నాదే వెయ్యమనమ్మా," అన్నాడు పొన్నయ్య కార్తికతో. "మీసంతో సహా. ఏ సీట్లో కూర్చోబెట్టినా పరవాలేదు."

"మీ ఆట ఏమిటి?" అని కార్తిక రాఘవేంద్రన్‌ను అడిగింది. "పోటీకి ఒకటి తెచ్చుండాలి కదా?"

"పాముల పటమే. పాములకు కొత్త రంగు వేసి తెచ్చాను. తాతకు ఆడాలని ఉంటే వేరే దారి దొరకలేదు." అతను కాలర్ సర్దుకున్నాడు. "మీ ఆటను అచ్చుకు ముందు ఎవరైనా ఆడి చూడాలి కదా. ఎదుటి జంట కావాలంటే మేమున్నాం."

కార్తిక నవ్వింది. ఆ సూచనకు ఏ పూస పెట్టాలో ఆలోచించుకోవడానికి కొంచెం సమయం తీసుకుంది.

*

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. అవ్వకు కిటికీ పక్కన సీటు దొరికింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని, ముందు నిలబడిన లావుపాటి మనిషి చొక్కా మీది పెద్ద పెద్ద పువ్వులను చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. కార్తిక చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

అవ్వ తల ఊపింది. బుద్ధి వచ్చిందన్నట్టు గొంతు సవరించుకుని, బస్సంతా వినబడేలా తెలుగులో అడిగింది.

"ఏమప్పా, ఈ బస్సులో తెలుగోళ్లు ఎవరన్నా ఉండారా?"

ముందు పువ్వుల చొక్కా వెనక్కి తిరిగింది. ఆ తర్వాత వెనక సీటు నుంచి ఒక గాజుల చెయ్యి లేచింది, మెట్ల దగ్గర నుంచి ఇంకొకటి, డ్రైవర్ వెనక నుంచి మరొకటి.

చివరగా కండక్టర్ టికెట్లు చించడం ఆపి, చెయ్యెత్తాడు.